వెనక సీటులో దొరికిన కండువా

పోయిన వారం మనోహర్‌ను ఒక చెడ్డ చోట వదిలేసి వచ్చాం. సిరిసిల్లలో, ఇంటి వెనక రేకుల షెడ్డులో, హోల్డెన్ కారు వెనక సీటును ఊడదీసి, బోర్లా వేసి, అడుగు కుట్టు కోసి లోపలికి చెయ్యి పెట్టాడు. పీచు తగలాల్సిన చోట బట్ట తగిలింది. అక్కడ ఆపేశాం. వారం నుంచి ఆయన చెయ్యి ఆ సీటులోనే ఉంది పాపం, ఇక తీయనిద్దాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు కాస్త చెప్పాలి. మనోహర్‌కు నాలుగు సాంచాలున్నాయి. సిరిసిల్లలో పవర్‌లూమును సాంచా అంటారు. ఇల్లు గడిచేది వాటి మీద. ఇల్లు గడవని పని ఇంకొకటుంది ఆయనకు: పాత కార్లను నట్టు నట్టు విప్పి, తుప్పు గీకి, మళ్ళీ నడిపించడం. ఇదివరకు ఒక ఫియట్‌కు ప్రాణం పోశాడు. ఈ హోల్డెన్ ఆస్ట్రేలియాలో పుట్టింది. కోరుట్ల మిషన్ దవాఖానాకు వచ్చిన ఆస్ట్రేలియా డాక్టరొకాయన దాన్ని ఓడలో తెప్పించుకున్నాడు, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకుపోలేక వదిలేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అందులో కోళ్ళు పొదిగాయి. ఒకప్పుడు ఆ బండి నడిపిన డ్రైవరు మైసయ్య ఇంటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, ఒప్పించి, ఇంటికి తెచ్చుకున్నాడు మనవాడు.

ఇప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బొగ్గు బాయిలు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. కరెంటు లేక సాంచాలూ బంద్. ఊరంతా రోడ్డు మీదుంటే మనోహర్ పొద్దస్తమానం షెడ్డులో ఉంటున్నాడు. భార్య రాధ ఊరుకుంటుందా? "ఊరోళ్ళందరికి తెలంగాణ రావాలె, మా ఆయినకు ఒక్కనికే ఆస్ట్రేలియా రావాలె" అని ఇరుగుపొరుగుకు చెప్పి నవ్విస్తోంది.

ఇక చేతిని బయటికి తీద్దాం.

బట్ట వచ్చింది. నాలుగు మడతలు పెట్టిన కండువా. మధ్యలో పెద్ద మరక, ముదురు గోధుమ రంగు. మనోహర్ మొదట గేరు నూనె అనుకున్నాడు. నూనె సంగతి ఆయనకు బాగా తెలుసు. ఎన్నేళ్ళయినా అది జిడ్డుగానే ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే వాసన కొడుతుంది. ఇది జిడ్డుగా లేదు. అట్టకట్టి, వేలు పెడితే పొట్టుగా రాలుతోంది. ఆయన చెయ్యి గభాలున వెనక్కి తీసుకున్నాడు. నెత్తురు.

అదే అయితే ఇంత చెప్పనక్కర లేదు. దవాఖానా బండిలో నెత్తురు ఉండదా? ఎవరో రోగిది అనుకుని అవతల పారేసేవాడే. కానీ పారేయబోతూ అంచు చూశాడు. నేతగాడు బట్ట చేతికొస్తే అంచు చూడకుండా ఉండలేడు. అంచులో ఒక నల్లపోగు, దాని పక్కన రెండు ఎర్రపోగులు.

ఆ గుర్తు ఆయన నాయనమ్మ నాగవ్వది. అమ్మే బట్టకు ఆమె అట్లా నేసేది కాదు, ఇంట్లోవాళ్ళ బట్టకు మాత్రమే, చాకిరేవులో మంది బట్టల్లో కలిసిపోకుండా. మనోహర్ పుట్టినప్పుడు ఆయన్ను చుట్టిన బట్టకు కూడా అదే అంచు. నాగవ్వ పోయాక ఆ అంచు నేసినవాళ్ళు లేరు. ఆ ఇంటి బట్ట ఈ పరాయి దేశపు బండి కడుపులో ఎట్లా ఉంది?

"రాధా!" అని అరిచాడు. ఆ అరుపు విని రాధ పాము అనుకుని కట్టె పట్టుకొని వచ్చింది.

"ఏడున్నది?"

"పాము కాదే. గిది సూడు."

రాధ చూసింది. కట్టె కింద పెట్టింది. ఆమె కూడా నేత ఇంటి పిల్లే, వేలితో అంచు తడిమింది.

"ఇది మన అంచు గద. ఎవలిది?"

ఎవరిదో ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. ఆ ఇంట్లో కండువాతో బయటికి వెళ్ళి తిరిగి రానివాడు ఒక్కడే. రాజేశం. మనోహర్ తండ్రి చంద్రయ్యకు అన్న. అరవై తొమ్మిది ఉద్యమంలో జగిత్యాల ఊరేగింపుకు పోతున్నానని చెప్పి, కొత్త కండువా భుజాన వేసుకొని గడప దాటాడు. అంతే. శవం రాలేదు, మనిషీ రాలేదు. బొంబాయిలో ఉన్నాడని ఒకరు, భీవండి మగ్గాల మీద చూశామని ఒకరు చెప్పారు. ఇల్లంతా ఎదురుచూసింది. అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఆయన భార్య కొమురమ్మ.

కొమురమ్మ ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉంది. తల నెరిసినా నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, కాళ్ళకు మట్టెలు. తల్లి లేని మనోహర్‌ను పెంచింది ఆమే. మొగుడు కంటికి కనబడకపోయినా బొట్టు నిలబెట్టుకున్న మనిషని ఆ వాడలో ఆమెకు గొప్ప పేరు. ఎవరింట్లో పెళ్ళయినా పసుపు దంచేందుకు మొదటి రోకలి కొమురమ్మ చేతికే ఇస్తారు. ఎంతమంది పెళ్ళికూతుళ్ళు ఆమె దంచిన పసుపు రాసుకొని పీటల మీద కూర్చున్నారో లెక్కలేదు. రాధ కూడా అట్లా కూర్చున్నదే.

"పెద్దత్తమ్మకు ఎరుకైతే బతుకది" అంది రాధ. "గీ వయసుల బొట్టు తుడుస్తరా, గాజులు పలగ్గొడ్తరా? నేను సూడలేను. నువ్వేం జేస్తవో నాకు తెల్వది, గిది ఆమె కంట పడొద్దు."

అదృష్టం, కొమురమ్మ ఇంట్లో లేదు. వాడ ఆడవాళ్ళంతా చౌరస్తాలో వంటా వార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అన్నం వండి, బండ్లు కదలకుండా అక్కడే కూర్చొని తినడం. పెద్ద గంజుల దగ్గర గరిటె తిప్పేది కొమురమ్మే.

ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నాడు. షెడ్డు ముందర నీడలో కూర్చొని, పళ్ళెంలో పెట్రోలు పోసి, కార్బొరేటరు కడుగుతున్నాడు మైసయ్య. బస్సులు లేకపోయినా పాలవాన్ పట్టుకొని కోరుట్ల నుంచి పొద్దున్నే దిగాడు. ఈ బండి ఇంజను మొన్న మొదటిసారి ఊపిరి పీల్చింది ఆయన చేతిలోనే. డెబ్బై దాటినా ఆరు సిలిండర్ల చప్పుడు విని ఏది పలకడం లేదో చెప్పేస్తాడు.

మనోహర్ ఆయన ముందు కండువా విప్పి పట్టుకున్నాడు.

"కాకా, గిదేంది?"

మైసయ్య తల ఎత్తాడు. చేతిలోని ఇత్తడి ముక్క పెట్రోలులో పడింది. తీయలేదు.

"అది ఇంక గండ్లనే ఉన్నదా?" అన్నాడు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు.

మనోహర్‌కు ఒళ్ళు మండిపోయింది. "అంటే నీకెరుకేనన్నమాట! నీ ఇంటికి నేను ఎన్నిసార్లు అచ్చిన? ఎవలి కొడుకువని అడిగినవ్, ఏ వాడ అని అడిగినవ్, మా నాయినమ్మ పేరు గూడ అడిగినవ్. అన్నీ సెప్పిన. అయినా ఒక్క ముచ్చట సెప్పకపోతివి! బండి ఇచ్చినవ్ గని నోరియ్యకపోతివి గదా కాకా!"

"సెప్దామనే బండిచ్చిన కొడుకా. నోరు రాలే."

"గిప్పుడు రానియ్యి."

మైసయ్య చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఆ రోజు జగిత్యాలలో పెద్ద ఊరేగింపు. మందులు తెచ్చేందుకు డాక్టరు ఆయన్ను బండిచ్చి పంపాడు. తిరిగి వస్తుంటే తోవలో ఒక మలుపు దగ్గర లారీ బోల్తా పడి ఉంది. ఊరేగింపు నుంచి మళ్ళిపోయేవాళ్ళు నిండా ఎక్కిన లారీ. దెబ్బలు తగిలినవాళ్ళను ఎవరి బండికి దొరికిన కాడికి వాళ్ళు ఎత్తుకుపోతున్నారు.

"నేను గూడ ఎక్కించుకున్న. మీ పెదనాయినకు తలకాయ పలిగింది. ఆయిన కండువనే ఆయిన తలకు కట్టిన. గీ సీటు మీద పండవెట్టిన. ఎన్నడు తోలనంత జోరుగ తోలిన కొడుకా, మూడు గేర్ల బండి, ఎంత తొక్కితే ఎంత పోతది? కోరుట్ల సగం తోవ దాటలే..."

పళ్ళెంలో పడ్డ ఇత్తడి ముక్కను తీసి నేల మీద పెట్టాడు.

"సచ్చిపోయిండా?" అన్నాడు మనోహర్.

మైసయ్య ఆ మాటకు జవాబియ్యలేదు. "మిషన్ గోరీలల్ల నా చేతులతోని మన్ను కప్పిన" అన్నాడు. ఆ ముసలి కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొట కారాయి. మనోహర్‌కు ఇంకేం అడగబుద్ధి కాలేదు. ఎన్నడూ చూడని మనిషి కోసం ఆయనకూ ఏడుపు వచ్చింది. తాను ఇన్ని నెలలు మురిపెంగా రంగు గీకి, తుప్పు గీకి, ముద్దు చేసిన బండి పెదనాన్నకు పాడె అయిందన్నమాట.

చాలాసేపు అట్లాగే కూర్చుంటే బాగుండేది. కానీ చౌరస్తా నుంచి డప్పు చప్పుడు ఆగింది. తిండి అయిపోయినట్టుంది. కొమురమ్మ ఏ క్షణమైనా వస్తుంది.

"కాలుస్త" అన్నాడు మనోహర్ లేచి.

"నాగవ్వమ్మ నేసిన బట్ట..." అని రాధ ఏదో అనబోయింది.

"నేసినామె పోయింది, కప్పుకున్నాయిన పోయిండు. ఉన్నామెనన్న ఉండనియ్యి."

పాత రేకు డబ్బాలో కండువా వేశాడు. పెరటి మూలకు తీసుకుపోయి పళ్ళెంలోని పెట్రోలు కాస్త దాని మీద చల్లాడు. అగ్గిపెట్టె తీశాడు. మొదటి పుల్ల విరిగింది. రెండో పుల్ల తీశాడు.

"నేను కాల్చనిది నువ్వెట్ల కాలుస్తవు కొడుకా?"

మనోహర్ చేతిలోని అగ్గిపెట్టె జారింది. పెరటి తలుపు దగ్గర కొమురమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో స్టీలు టిఫిను, మైసయ్యకని రోడ్డు మీది నుంచి తెచ్చిన అన్నం. నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయింది. పొగకు కళ్ళెర్రగా ఉన్నాయి.

ఆమె టిఫిను మెట్టు మీద పెట్టి, వచ్చి, డబ్బాలోంచి కండువా తీసింది. పెట్రోలు చేతుల మీద కారుతున్నా దులుపుకోలేదు. మడతలు విప్పి, మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది.

"మైసయ్యన్నా, నువ్వన్న సెప్పకపోతివా, కాల్చకుండ్రి అని?"

రాధ, మనోహర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మైసయ్య ఈ ఇంటికి రావడం మొదలుపెట్టి నెలలయింది. ఇన్నాళ్ళూ ఆమె ఆయన్ను "డ్రైవరు పెద్దమనిషి" అనే పిలిచింది. అన్నం పెట్టినప్పుడు కూడా మొహం చూసి మాట్లాడలేదు. ఇప్పుడేమో తోడబుట్టినవాణ్ణి పిలిచినట్టు అన్నా అంటోంది.

"పెద్దమ్మా, నీకు..." అన్నాడు మనోహర్.

"ఆ సీటు కుట్టింది నేనే" అంది కొమురమ్మ.

ఆమె షెడ్డులోకి నడిచింది. వెనకే అందరూ. బోర్లా పడి ఉన్న సీటును కాలితో తగలకుండా చుట్టి వచ్చి, వంగి, తెగి వేలాడుతున్న దారం కొసను పట్టుకుంది. "గీ ముడి సూసినవా?"

అప్పుడు చూశాడు మనోహర్. చూసి నెత్తి కొట్టుకున్నాడు. సీటు మిగతా మూడు వైపులా కంపెనీవాళ్ళు వేసిన ఇనప రింగులే ఉన్నాయి, ఈ ఒక్క వైపే నూలుదారం. ఆ దారానికి వేసినవి నేతముడులు, పోగు తెగితే నేతగాళ్ళు వేసేవి. రంగు ఏ ఛాయలో ఉండాలి, ఏ నట్టుకు ఏ నంబరు అని ఆస్ట్రేలియా ముసలివాళ్ళతో కంప్యూటరులో పోట్లాడి, కంపెనీలో ఎట్లా పుట్టిందో అట్లాగే నిలబెడతానని శపథం పట్టినవాడు, ఆ ముడులను బ్లేడుతో పరపరా కోసేశాడు. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. రోజూ సాంచా మీద తాను వేసే ముడి అది. ఆస్ట్రేలియావాళ్ళు సీటుకు నేతముడి ఎందుకేస్తారని ఆయనకు తట్టనే లేదు!

"ఎప్పటి సంది ఎరుకే నీకు?" అన్నాడు.

"మొదటి సంది."

సిమెంటు గచ్చు మీద కూర్చుంది కొమురమ్మ. కండువా ఒడిలో పెట్టుకుంది.

"మైసయ్యన్న మనింటికి అచ్చిండు ఆయిన పోయిన వారానికి. మీ నాయినమ్మ గల్లీల పడుగుకు గంజి పెడుతుంది. నేనొక్కదాన్ని మగ్గం మీదున్న. 'చెల్లె, నీ పెనిమిటి లేడు' అన్నడు. నా కాళ్ళు ఆగలే మనోహరూ. మగ్గం తొక్కుతనే ఉన్న. మనిషి పోయిండని సెప్తుంటే నా కాళ్ళు తొక్కుతనే ఉన్నయి. గప్పుడే అనుకున్న, సెప్పొద్దని."

"ఎందుకు?" అంది రాధ.

"ఎందుకంటవా బిడ్డా? పెండ్లై ఏడాది కాలే. పిల్ల లేదు పీచు లేదు. సచ్చిండని ఎరుకైతే గాజులు పలగ్గొట్టి మా అవ్వగారింటికి తోలుతరు. ఆడేమున్నది? సవతితల్లి ఉన్నది. గీ ఇంట్ల నాకొక మగ్గమున్నది. మొగడు రావాల్సినదాన్నైతే ఇంటి కోడల్ని. మొగడు సచ్చినదాన్నైతే ఉత్త తిండిదండుగ. పోలీసులు ఆయిన కోసం తిరుగుతుండిరి, పీనుగను తెచ్చుడు గూడ కాదన్నడు మైసయ్యన్న. నాలుగు నెల్లు ఆగి సెప్దామనుకున్న. గంతలనే మీ నాయినమ్మ దర్వాజల మంచమేసుకొని కూసున్నది, కొడుకు అత్తడని. రొట్టె చేసిన దినమల్ల ఆయినకొకటి పక్కకు పెట్టేది. ఎట్ల సెప్పాలె? నువ్వే సెప్పు, ఎట్ల సెప్పాలె?"

"మరి కొండగట్టు గుడికి ఏటా పోతనని..." అన్నాడు మనోహర్.

"కొండగట్టు లేదు ఏం లేదు. కోరుట్ల పోయేదాన్ని. గోరీ కాడ పూలు పెట్టి అచ్చేదాన్ని. మొదటిసారి పోయినప్పుడు గీ కండువ ఇచ్చిండు. ఇంటికి తేలేను, తెస్తే అంచు సూసి అత్త పట్టుకుంటది. కాలుద్దామంటే చేతులు రాలే. కాలిస్తే ఆయిన్ని కాడుకు తోలినట్టే గద. ఆయిన పండుకున్న సీటు ఏదని అడిగిన. సూపిచ్చిండు. గండ్ల పెట్టి కుట్టిన."

మనోహర్ ఆమె పక్కన కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ ఈమె ఆశ చావకూడదని, ఈమె నొచ్చుకోకూడదని ఎంత జాగ్రత్తపడ్డారు! తండ్రి చంద్రయ్యయితే వదిన ముందు "మా అన్న ఉంటే" అనేవాడు కాదు, "మా అన్న వస్తే" అనేవాడు. అందరూ కలిసి ఈమెను కాచుకుంటున్నాం అనుకుంటే, ఈ ముసల్ది ఒక్కతే అందర్నీ కాచింది. మనోహర్‌కు ఆమె చేతులు పట్టుకొని ఏడవాలనిపించింది. పట్టుకునేవాడే.

కానీ రాధ గొంతు వినిపించింది. అది రాధ గొంతులాగా లేదు.

"పెద్దత్తమ్మా. మా పెండ్లికి పసుపు దంచింది నువ్వే గద."

కొమురమ్మ తల ఎత్తింది.

"ఎరుకుండే దంచినవా?"

"ఎరుకుండే దంచిన బిడ్డా."

రాధ చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని పుస్తెల మీదికి పోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఒక్క అడుగే. రాధ చెడ్డ మనిషి కాదు. కొమురమ్మకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్న పిల్ల. కానీ ఆ అడుగు పడింది, కొమురమ్మ చూసింది.

"నా తొలి కాన్పు..." అని మొదలుపెట్టి రాధ పెదాలు బిగించింది. ఆ బిడ్డ కడుపులోనే పోయింది. ఆ రోజు దవాఖానాలో రాధ తల నిమిరింది కొమురమ్మే.

"రాధా, ఏం మాట్లాడుతున్నవ్!" మనోహర్ కసిరాడు.

"ఆగు కొడుకా. అననియ్యి" అంది కొమురమ్మ. "అను బిడ్డా. నువ్వు అనకున్నా నేను గా దినం సంది అదే అనుకుంటున్న. గా దినం ఒక్కటే కాదు. వాడల ఏ పిల్ల సంసారం చెడినా, ఎవల కడుపు కొట్టుకపోయినా, నా రోకలే అనుకున్న. వద్దంటే ఎందుకంటరు? రోకలి చేతికిస్తే ఎట్ల కాదనాలె? ఒక్కసారి కాదంటే అన్ని బయటపడతయి."

రాధ మొహం చేతుల్లో దాచుకొని భోరుమంది. క్షమించమంటోందో, నిందిస్తోందో ఆమెకే తెలియదు. రెండూ అయి ఉంటాయి.

కొమురమ్మ లేచి నిలబడింది. కండువాను మనోహర్ చేతికిచ్చింది. చౌరస్తాలో ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు, ఇప్పుడే పోయి వాళ్ళకూ చెప్తానంది. ఎవరి పెండ్లికి దంచానో వాళ్ళందరి ముందరా చెప్తానంది. మనోహర్ అడ్డం నిలబడ్డాడు. ఆ మాట చౌరస్తాలో పడితే ఏమవుతుందో ఆయనకు కళ్ళకు కట్టింది. ఇప్పుడే ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళే రేపు ఆమె నీడ కూడా తొక్కరు.

"తొవ్వ ఇడువు మనోహరూ. ఇగ చాలు. ముసల్దాన్నైన, మోసి మోసి అలిసిపోయిన."

ఇంత చెప్పి, చీర కొంగు చేతిలోకి తీసుకుంది. కొంగు కొస నుదుటి దాకా పోయింది.

"తుడువకు చెల్లె!"

మైసయ్య అంత గట్టిగా అరవగలడని ఎవరూ అనుకోలేదు. ఇంతసేపూ షెడ్డు గుంజ పట్టుకొని నిలబడ్డ మనిషి ఒక్క ఊపున వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకొని, తానేం చేశాడో తెలిసి, చటుక్కున వదిలేశాడు.

"నీ పసుపుకు ఏ దోషం లేదు. నీ రోకలికి ఏ దోషం లేదు. ఎవలేమన్న నేను ఒప్ప. నువ్వు తుడువకు."

"ఏం మాట్లాడుతున్నవే అన్నా?"

"రాజేశం సావలే."

కొమురమ్మ కొంగు పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంది. రాధ ఏడుపు ఆగిపోయింది.

"ఆ దినం గీ సీటు మీద ఇద్దరున్నరు" అన్నాడు మైసయ్య. "ఇద్దర్ని గలిపి పండవెట్టిన. కోరుట్ల తోవల సచ్చిపోయింది మా తమ్ముడు, దశరథం. వాడు గూడ అదే లారీల ఉండె. మన్ను కప్పింది నా తమ్మునికి. ఏటా నువ్వు పూలు పెట్టేది వాని గోరీకి చెల్లె. నువ్వు ఏడుస్తుంటే నేను పక్కన నిలవడి సూసిన. నా తమ్ముని కోసం ఇంకో మనిషి గూడ ఏడుస్తున్నదని... దేవుడు నన్ను ఏం జేసినా సరే, నోరిప్పలే."

"మరి నాకెందుకు సచ్చిండని సెప్పినవ్?" కొమురమ్మ గొంతు చాలా మెల్లగా వచ్చింది. "నేనేం పాపం జేసిన నీకు?"

"నేను సెప్పలే. సెప్పమన్నది రాజేశమే. దవాఖానల కట్టు కట్టినంక, తెలివికచ్చినంక, నా చేతులు పట్టుకున్నడు. 'నా పెండ్లానికి సచ్చిన్నని సెప్పు, గా పొల్ల ఇంకొకల్లను చేసుకొని బతుకుతది' అన్నడు. నేను గట్లనే సెప్పిన. నువ్వు బొట్టు తీస్తవనుకున్నడు, మారుమనువు పోతవనుకున్నడు. నువ్వు తియ్యకపోతివి. తియ్యలేదని నేను వోయి సెప్తే, గప్పుడు ఏడ్చిండు."

కొమురమ్మ హోల్డెన్ తలుపు పట్టుకుంది. ఇన్నేళ్ళూ అబద్ధమనుకొని పొద్దున్నే లేచి దిద్దుకున్న బొట్టు. దొంగతనం చేస్తున్నట్టు అద్దంలో మొహం కూడా సరిగ్గా చూసుకోకుండా దిద్దుకున్న బొట్టు. వాడంతటినీ మోసం చేస్తున్నానని కుమిలింది. తీరా చూస్తే మోసపోయింది తానొక్కతే!

ఆమె అరుస్తుందనీ, మైసయ్య మీద పడుతుందనీ అనుకున్నాడు మనోహర్. ఆమె అరవలేదు.

"ఏడున్నడు?" అంది.

"బోయినపల్లిల."

బొంబాయి కాదు, భీవండి కాదు. ఇక్కణ్ణుంచి గంట కూడా పట్టని ఊరు. నాగవ్వ దర్వాజలో మంచమేసుకొని కొడుకు కోసం కళ్ళు కాయలు కాచి పోయింది, కొడుకు బోయినపల్లిలో ఉన్నాడు.

కొమురమ్మ ఇంకా తలుపు వదల్లేదు.

"ఒక్కడే ఉన్నడా?"

మైసయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"లేడు చెల్లె. ఎవరున్నరని నా నోటితోని సెప్పియ్యకు. ఆమె నీకు ఎరుకున్న మనిషే."